నీరు ఎంతవరకు వచ్చింది? రోడ్డు పక్కన వరద, ఉప్పెన గుర్తులు

కాలిబాట | ఆదివారం రాత్రి 9:40

మొన్న పని మీద అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్లాను. ఒక ఊరి మొదట్లో, బస్సు ఆగే చోట, కిళ్లీ బడ్డీకీ కరెంటు స్తంభానికీ మధ్య ఒక స్తూపం ఉంది. మనిషి ఎత్తు కంటే కాస్త ఎక్కువ. దానికి వేసిన బంతిపూల దండలో పూలు ఎప్పుడో రాలిపోయి దారమే మిగిలింది. ఎవరో సైకిలు ఆనించి వెళ్లారు. బస్సు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు దాని అరుగు మీదే కూర్చుని కనకాంబరాలు మాల కడుతున్నారు.

నల్లరాతి పలక మీద 19-11-1977 అని తేదీ, కింద పేర్లు. లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో మానేశాను. తిరిగి బండి ఎక్కాక ఒక సంగతి తట్టింది. తేదీ ఉంది, పేర్లు ఉన్నాయి, ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు అందరి పేర్ల కంటే పెద్ద అక్షరాల్లో ఉంది. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో మాత్రం ఎక్కడా లేదు. వెనక్కి వెళ్లి బడ్డీ ఆయనను అడిగితే చెయ్యి పైకెత్తి, "అదిగో, ఆ తాడిచెట్టు మొవ్వు దాకా" అన్నాడు. చూస్తే ఆ చెట్టుకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు!

మీ ఊళ్లలో, మీరు తిరిగే దారుల్లో ఇలాంటి గుర్తులు ఏమున్నాయి? రాయి కావచ్చు, గోడ మీద గీత కావచ్చు. వాటిలో నీటి మట్టం చెప్పేవి ఏమైనా ఉన్నాయా?

దివిసీమ గట్టు | ఆదివారం రాత్రి 10:25

కాలిబాట గారూ, మీరు చూసినలాంటివి మా వైపు చాలా ఊళ్లలో ఉన్నాయి. మాది నాగాయలంక దగ్గర. నేను ఉప్పెన తరువాత పుట్టినవాణ్ణి. కానీ మా ఇంట్లో ఏ సంగతి చెప్పినా "ఉప్పెనకు ముందా, తరువాతా?" అనే అడుగుతారు. పెళ్లిళ్లు, పొలాల అమ్మకాలు, ఎవరి వయసు ఎంత, అన్నిటికీ అదే కొలత.

మా ఊరి రాయి మీద ఒకే ఇంటిపేరు వరసగా పదకొండు సార్లు వస్తుంది. చివరి రెండు వరసల్లో "పాప" అని మాత్రమే ఉంటుంది. పేరు పెట్టని పిల్లలు. చిన్నప్పుడు బడికి వెళ్తూ ఆ పలక మీద వేలితో అక్షరాలు దిద్దేవాళ్లం. నాకు "ప" రాయడం వచ్చింది ఆ రాయి మీదే అని మా నాయనమ్మ అంటుండేది.

ఆ రోజు శనివారం. పొద్దుటి నుంచీ గాలి. సాయంత్రానికి సముద్రం లేచి వచ్చేసింది. నాయనమ్మ తుమ్మచెట్టును పట్టుకుని బతికింది. ఒళ్లంతా ముళ్లు దిగినా వదల్లేదట. అధికారిక లెక్క దాదాపు 10,000 మంది. మా వైపు ఎవరిని అడిగినా అంతకంటే చాలా ఎక్కువే చెబుతారు. కూలికి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ల లెక్క ఎవరు రాశారు?

ఎత్తు సంగతి అంటారా, ఆ మనిషి అబద్ధం చెప్పలేదు. ఆ చోట అప్పుడున్న తాడిచెట్టును చూపించాడు. ఆ చెట్టు పోయింది, చూపించే అలవాటు మిగిలింది.

గేజీ రీడరు | సోమవారం ఉదయం 6:15

నీటిపారుదలలో ముప్పై నాలుగేళ్లు చేసి దిగిపోయినవాణ్ణి. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను (గేజీ అంటే నీటి మట్టం చూసే కొలత పట్టీ), నవ్వకండి.

మొదట ఒక తేడా చెప్పాలి. ఏటి వరద మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, గంటలో ఎంత పెరిగిందో రాసుకోవచ్చు, ఒడ్డున గోడ మీద గీత వదులుతుంది. ఉప్పెన అలా కాదు. గాలి తోసుకొచ్చిన సముద్రం, మీద అలలు. 1977లో దివిసీమ మీదికి వచ్చింది దాదాపు 5 మీటర్లని పుస్తకాల్లో ఉంటుంది. పూరిళ్లన్నీ కొట్టుకుపోయాక గీత మిగలడానికి గోడ ఏది? ఆ స్తూపాల మీద ఎత్తు లేకపోవడానికి అదొక కారణం.

రెండో సంగతి. రాయి మీద "పదిహేను అడుగులు" అని రాశారనుకోండి. ఎక్కడి నుంచి పదిహేను? నేల నుంచి అంటే, ఏ నేల? మా ఉద్యోగ కాలంలోనే ఒక్కో రోడ్డుకు మెటల్ మీద మెటల్, తారు మీద తారు వేసి రెండు మూడు అడుగులు లేపాం. రోడ్డు పక్క రాయి అలాగే ఉంటుంది, మోకాలి దాకా మట్టిలో కూరుకుపోతుంది. యాభై ఏళ్లకు చూసినవాడు "ఓహో, ఇంతేనా" అనుకుంటాడు. అందుకే వంతెన స్తంభాల మీద మేము రాసేది సముద్ర మట్టం నుంచి లెక్క. మీరు రైల్లో గోదావరి దాటేటప్పుడు కిటికీలోంచి వంగి చూడకండి గానీ, చిన్న వంతెనల దగ్గర బండి ఆగినప్పుడు స్తంభాల మీద చూడండి. అడ్డంగా రంగు పట్టీ, పక్కన హెచ్.ఎఫ్.ఎల్. అని, సంవత్సరం ఉంటాయి. గరిష్ఠ వరద మట్టం అన్నమాట. మనకు ఉన్నవాటిలో అన్నిటికంటే నిజాయతీ గల చారిత్రక ఫలకాలు అవే. ఆవిష్కరించిన వారి పేరు ఉండదు.

భద్రాద్రి వాసి | సోమవారం ఉదయం 8:02

గేజీ రీడరు గారికి నమస్కారం. మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా మూడు అంకెలు వచ్చు: 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదావరి మట్టానికి మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు, అడుగుల్లో. జులై, ఆగస్టు వస్తే పాలవాడు పాలు పోస్తూ "నలభై ఒకటి దాటిందమ్మా" అని చెప్పి వెళ్తాడు. ఎంత ఉంటే ఏ వీధిలోకి వస్తుందో నోటికి వచ్చు. సామాను ఎప్పుడు సర్దాలో వీధిని బట్టి అంకె.

వీటన్నిటి పైన ఒక అంకె ఉంది: 75.6. 1986 ఆగస్టు 16. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. 2022 జులైలో 71.3 వచ్చినప్పుడు ఊళ్లో పెద్దవాళ్ల ముఖాలు చూడాలి. భయపడుతూనే, "ఎనభై ఆరంత రాలేదులే" అంటున్నారు. అందులో కొంచెం గర్వం కూడా ఉన్నట్టు అనిపించింది నాకు. మన వరద పెద్దది అన్నట్టు.

లంక రైతు | సోమవారం ఉదయం 9:30

ఆ ఎనభై ఆరు నీళ్లే కిందికి వచ్చి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరు) అయ్యాయి. మా కోనసీమలో ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. అప్పటి నుంచి లంకల్లో ఎవరు ఇల్లు కట్టినా మేస్త్రీ అడిగే మొదటి మాట: "ఎనభై ఆరు గీత ఎక్కడండీ?" పునాది దానికి పైన ఉండాలి. మా ఇంటి అరుగు ఎక్కాలంటే తొమ్మిది మెట్లు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు "గుడి కట్టారా, ఇల్లు కట్టారా?" అని వేళాకోళం చేస్తారు. మా నాన్న ఏమీ అనడు. ఏడో మెట్టు చూపిస్తాడు. దాని అంచున ఉలితో కొట్టిన గాటు ఉంది. అంతే మా చారిత్రక ఫలకం.

మూసీ ఒడ్డు | సోమవారం మధ్యాహ్నం 1:18

గుర్తు రాయే అయి ఉండాలని ఏముంది? హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28, సోమవారం. మూసీ పొంగి అఫ్జల్‌గంజ్, కోల్సావాడీ ప్రాంతాలు తుడిచిపెట్టుకుపోయిన రోజు. చనిపోయినవారు 15,000 అని చెబుతారు. అక్కడి పాత ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పటికీ సెప్టెంబరు 28న కొందరు ఆ చెట్టు కింద చేరి ఆ రోజును తలుచుకుంటారు.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ వరదలోనే కొట్టుకుపోయారు. ఆయన బతికాడు. బతికి, రుబాయీలు (నాలుగు పాదాల పద్యాలు) రాశాడు.

నేను మా నాన్నను చూపించడానికి ఏడాదిపాటు ఆ ఆసుపత్రికి తిరిగాను. చెట్టు కింద కూర్చుని క్యారేజీలు విప్పుకుని తినేవాళ్లలో నేనూ ఒకడిని. అది ఏ చెట్టో తెలియకుండానే ఎన్నోసార్లు దానికి వీపు ఆనించాను. ఒక ముసలాయన, రోగి తాలూకు మనిషే, "బాబూ, ఈ చెట్టు నూట యాభై మందిని మోసింది. నువ్వొక్కడివి బరువా, కూర్చో" అన్నాడు. ఇంటికి వెళ్లి వెతికితే తెలిసింది.

గడుగ్గాయి | సోమవారం మధ్యాహ్నం 2:05

చెట్టు గుర్తు ఎలా అవుతుందండీ? నూరేళ్లలో చెట్టు పెరుగుతుంది కదా. వాళ్లు కూర్చున్న కొమ్మ ఈపాటికి మూడో అంతస్తులో ఉండాలి!

ఆకుపసరు | సోమవారం మధ్యాహ్నం 2:40

ఉండదు. నేను వృక్షశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఈ ఒక్కదానికి జవాబిస్తాను. చెట్టు పొడవు పెరిగేది కొసల దగ్గర. కాండం లావు అవుతుందే తప్ప సాగదు. నేలకు పది అడుగుల ఎత్తున పుట్టిన కొమ్మ, విరిగిపోకుండా ఉంటే, వందేళ్ల తరువాత కూడా ఆ పది అడుగుల ఎత్తునే ఉంటుంది. చెట్టు మీద మేకు కొట్టి చూడండి, మీ మనవడు కూడా అదే ఎత్తున చూస్తాడు. తాడిచెట్టు మొవ్వు మాత్రం కొస కాబట్టి పైకి పోతూనే ఉంటుంది. కానీ బడ్డీ ఆయన చూపించాల్సిన తాడిచెట్టు కాండం మీద ఆనాడే గాటు పెట్టి, అది ఇంకా బతికి ఉండి ఉంటే, దానంత మంచి గేజీ ఇంకొకటి ఉండేది కాదు.

మైలురాయి | సోమవారం సాయంత్రం 5:11

ఇక్కడ పాత మైలురాళ్ల గురించి అడగవచ్చా? మా ఊరి దగ్గర రోమన్ అంకెలు చెక్కిన రాయి ఒకటి...

నిర్వాహకుడు | సోమవారం సాయంత్రం 5:30

మైలురాయి గారూ, దానికి వేరే చర్చ తెరవండి, బాగుంటుంది. ఇక్కడ నీళ్లే ఉండనివ్వండి.

కొండారెడ్డి బురుజు నీడ | సోమవారం రాత్రి 8:50

కర్నూలు. 2009 అక్టోబరు 2. గాంధీ జయంతి సెలవు.

తుంగభద్ర ఒకవైపు, హంద్రీ మరోవైపు. పెద్ద ఏరు నిండితే చిన్న ఏరు నీళ్లు వెనక్కి తంతాయి, అదీ మా ఊరి గతి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు వస్తున్నాయని ఆ రోజుల్లో విన్నాం. ఆ అంకె అర్థం అయ్యే స్థితిలో ఎవరున్నారు? మేము మేడ మీద ఉన్నాం, అగ్గిపెట్టె తడిసిపోయింది.

నీళ్లు తీశాక కింది గదిలో గోడ మీద గీత కనిపించింది. పైన పసుపు రంగు సున్నం, కింద ఎర్రమట్టి రంగు, మధ్యలో కత్తితో కోసినట్టు. స్విచ్ బోర్డుకు జానెడు పైన. కేలండరు అక్టోబరు పేజీ గోడకు అతుక్కుపోయింది. ఎండాక పీకితే అంకెలు గోడకే ఉండిపోయాయి.

మా అమ్మ ఆ గది ఒక్కదానికి ఇప్పటికీ పూర్తిగా రంగు వేయనివ్వదు. ప్రతిసారీ పండక్కి ఇల్లంతా వేస్తాం, అక్కడికి వచ్చేసరికి గీత చుట్టూ బెత్తెడు పట్టీ వదిలేయమంటుంది. రంగులవాడు విసుక్కుంటాడు. కొత్త కోడలు వచ్చి "అత్తయ్యా, అసహ్యంగా ఉంది" అంటే, "నువ్వు అప్పుడు లేవు" అంది. అంతే, ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

సింగ్‌నగర్ అద్దె ఇల్లు | సోమవారం రాత్రి 10:44

ఇది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. 2024 సెప్టెంబరు 1, విజయవాడ. కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వస్తున్నాయని అందరూ అటు చూస్తుంటే, మాకు వెనక నుంచి బుడమేరు వాగు వచ్చింది. గట్టుకు గండ్లు. మా వీధిలో వారం రోజులకు పైగా నీళ్లు నిలిచాయి. పడవలో వచ్చి పాల ప్యాకెట్లు అందించారు.

మా గదిలో గీత సరిగ్గా నా భుజం దగ్గర. నేను పెన్సిలుతో తేదీ రాసి పెట్టాను. రెండు నెలల తరువాత ఊరెళ్లి వచ్చేసరికి ఇంటి యజమాని గోడలన్నీ గీకించి, కొత్త పుట్టీ పెట్టించి, లేత నీలం రంగు వేయించాడు. అడిగితే "ఎవరైనా చూస్తే అద్దెకు వస్తారా?" అన్నాడు. అద్దె కూడా ఐదు వందలు పెంచాడు, రంగు ఖర్చట.

సొంత ఇల్లు | మంగళవారం ఉదయం 7:20

ఆ యజమానిని నేను ఎరుగను గానీ ఆయన పక్షాన ఒక మాట. రిటైరైన డబ్బంతా పెట్టి కట్టుకున్న ఇల్లు. నీళ్లు వచ్చాయి, తప్పు ఆయనదా? గోడ మీద గీత ఉంచితే స్థలం రేటు పడిపోతుంది, కొనడానికి వచ్చినవాడు గీత చూసి పది లక్షలు తగ్గించి అడుగుతాడు. మీరంతా పక్క ఊరి నుంచి వచ్చి ఫొటో తీసుకుని "అయ్యో చరిత్ర" అంటారు. ఆ చరిత్ర వడ్డీ కట్టేది ఆయన.

కొండారెడ్డి బురుజు నీడ | మంగళవారం ఉదయం 7:55

కొనేవాడికి చెప్పకుండా అమ్మడం కూడా మీ లెక్కలో సొంత ఇంటి బాధేనా? వాడిదీ రిటైర్మెంటు డబ్బే కదా.

సొంత ఇల్లు | మంగళవారం ఉదయం 8:10

చెప్పకుండా అమ్మమని నేను అనలేదు. గోడ మీద ఎందుకు అంటున్నాను. వీధి చివర, అందరికీ కలిపి, ఒక స్తంభం వేయండి. అప్పుడు ఒక్క ఇల్లు దొంగలా నిలబడనక్కరలేదు. వీధి మొత్తానికీ ఒకటే లెక్క.

గేజీ రీడరు | మంగళవారం ఉదయం 8:35

ఆయన చివర్లో చెప్పినది మంచి మాట. కోపంలో వచ్చినా మంచి మాటే. నీటికి ఒక ఇల్లు, ఇంకో ఇల్లు లేవు. ఒక వీధికి ఒక మట్టం. స్తంభం మీద వేయవచ్చు, బడి గోడ మీద వేయవచ్చు. ఎవరి ఆస్తీ చెడదు.

తోక్యో నుంచి | మంగళవారం మధ్యాహ్నం 12:20

ఉద్యోగం కోసం ఇక్కడ ఉంటున్నాను. ఉత్తరాన ఇవాతె వైపు సముద్రం పక్కన అనెయోషి అనే చిన్న పల్లె ఉంది. 1933 సునామీ తరువాత అక్కడివాళ్లు కొండ ఎక్కే దారి పక్కన ఒక రాయి పాతారు. దాని మీద చెక్కిన మాట భావం ఇది: ఈ రాయికి దిగువన ఇళ్లు కట్టవద్దు. 2011 మార్చి 11న వచ్చిన నీరు ఆ రాయికి వంద మీటర్ల లోపు దాకా వచ్చి ఆగింది. పైన ఉన్న ఇళ్లకు ఏమీ కాలేదు.

నేను వెళ్లి చూశాను. పెద్ద గొప్ప రాయి కాదు. మా ఊళ్లో బొడ్డురాయి కంటే కాస్త ఎత్తు. మన రాళ్లు ఏడుస్తాయి, ఆ రాయి గదమాయిస్తుంది అనిపించింది.

దివిసీమ గట్టు | మంగళవారం రాత్రి 9:05

తోక్యో మిత్రమా, బాగుంది. కానీ వాళ్లకు ఎక్కడానికి కొండ ఉంది. మా ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన నేల కాలవ గట్టు. "ఇక్కడికి దిగువన ఇల్లు కట్టవద్దు" అని రాయి పాతాలంటే దాన్ని బెజవాడలో పాతాలి. వేట మానేసి, చెరువులు వదిలేసి, అందరం కొండపల్లి ఎక్కుదామా?

మా వైపు గదమాయించే రాయి ఏదంటే తుపాను షెల్టరు. స్తంభాల మీద నిలబెట్టిన భవనం. ఉప్పెన తరువాత కట్టినవి. మామూలు రోజుల్లో పిల్లలు కింద గోళీలు ఆడతారు, పెళ్లిళ్లకు పైన భోజనాలు పెడతారు. గాలి ఎక్కువైతే మెట్లెక్కుతారు. ఇక స్తూపం గదమాయించాలా, ఏడవాలా అంటే... ఏడవనివ్వండి. నవంబరు 19న మా అత్తయ్య వచ్చి ఆ "పాప" అన్న వరస మీద పసుపు రాసి వెళ్తుంది. అది ఆమె కూతురు. ఆ రాయికి ఇంకో పని అప్పజెప్పాలని నాకు లేదు.

కాలిబాట | మంగళవారం రాత్రి 9:40

క్షమించండి. నేను మొదట్లో "నీటి మట్టం లేదు" అని తేలిగ్గా రాసేశాను.

దివిసీమ గట్టు | మంగళవారం రాత్రి 9:48

అయ్యో, అందులో క్షమాపణ ఎందుకు. మీరు అడిగింది సరైన ప్రశ్నే. పక్కన ఇంకో రాయి ఉండవచ్చు కదా అంటున్నాను.

చెయ్యేటి మనిషి | బుధవారం ఉదయం 6:50

నవంబరు 19 అనగానే గుండె ఝల్లుమంది. మాకూ అదే తేదీ. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీదికి వచ్చింది. నలభై నాలుగేళ్ల తేడాతో అదే రోజు. ఆ తేదీ కలవడానికి అర్థం ఏమీ లేదని తెలుసు. అయినా మనసు ఊరుకోదు.

మా దగ్గర ఇంకో చిత్రం జరిగింది. నీళ్లు తీశాక పొలాల్లో ఇసుక మేట వేసింది, కొన్ని చోట్ల మనిషి మునిగేంత. గోడ మీద గీత కంటే నేలే పైకి లేచింది. గేజీ రీడరు గారు అడిగిన "ఏ నేల నుంచి" అన్న ప్రశ్న మాకు ఒక్క పూటలోనే ఎదురైంది.

గేజీ రీడరు | బుధవారం ఉదయం 7:30

పాతవి కూడా రెండు చెప్పి నా సుత్తి ఆపుతాను. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరులో కలకత్తాను ఒక తుపాను ముంచింది. తుపానులు, కరువులు ఇలా వరసగా మీద పడ్డాకే 1875లో వాతావరణ శాఖ పుట్టింది. అంతకు చాలా ముందు, 1789లో, కాకినాడ దగ్గరి కోరంగి రేవును సముద్రం మింగింది. 1839లో మళ్లీ మింగింది. సైక్లోన్ అన్న మాటను ఇంగ్లీషుకు ఇచ్చిన హెన్రీ పిడింగ్టన్ చదివి రాసిన తుపానుల్లో కోరంగిది ఒకటి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. ఇప్పుడు వెళ్తే మడ అడవిలో చెక్కల వంతెన మీద నడుస్తూ జనం ఫొటోలు తీసుకుంటుంటారు. నడవండి, తప్పు లేదు. ఆ మడచెట్లే అలను కాస్త ఆపేవి కూడా.

సింగ్‌నగర్ అద్దె ఇల్లు | బుధవారం రాత్రి 11:02

గేజీ రీడరు గారూ, ఒక సందేహం. గీత పోయిందని రాశాను కదా. ఈ రోజు బీరువా జరిపితే దాని వెనక రంగులవాడు వేయకుండా వదిలేసిన మూల కనిపించింది. జానెడు గీత అలాగే ఉంది! టేపు పెట్టి కొలిచాను: గది నేల నుంచి 4 అడుగుల 10 అంగుళాలు. ఇది వీధిలోకి ఎలా తీసుకెళ్లాలి? మా వీధి బడి హెడ్మాస్టరు గారిని అడిగితే ప్రహరీ మీద వేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు అన్నారు. ఇంటికీ బడికీ మధ్య నాలుగు ఇళ్లు.

గేజీ రీడరు | గురువారం ఉదయం 5:50

తెల్లవారక ముందే లేచి రాస్తున్నాను, సంతోషం అలాంటిది.

పెద్ద పరికరం అక్కరలేదు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చుకోండి, తెల్లగా లోపల కనిపించేది, వంద అడుగులు. నీళ్లు నింపండి, గాలి బుడగలు ఒక్కటి కూడా ఉండకూడదు. బుడగ ఉంటే అబద్ధం చెబుతుంది. ఒక కొస మీ గీత దగ్గర మీరు పట్టుకోండి, ఇంకో కొస కిటికీలోంచి బయటికి తీసి ఒకరు పక్కింటి గోడకు ఆనించాలి. మీ వైపు నీళ్లు గీతతో కలిసినప్పుడు అటువైపు నీళ్లు ఎక్కడ నిలిస్తే అదే మట్టం. సుద్దముక్కతో గుర్తు. అక్కడి నుంచి మళ్లీ. నాలుగు ఇళ్లంటే మూడు నాలుగు సార్లు ఇలా మార్చాలి. చివరికి బడి గోడ నుంచి వెనక్కి ఒకసారి చేసుకుంటూ రండి. మొదటి గీతకు అర అంగుళం లోపు తేడాతో తిరిగి చేరితే నమ్మవచ్చు.

గోడ మీద గీతతో పాటు తేదీ వేయండి. బుడమేరు అని రాయండి, లేకపోతే పదేళ్ల తరువాత కృష్ణ అనుకుంటారు. ఆవిష్కరణ పెట్టుకోకండి.

సొంత ఇల్లు | గురువారం ఉదయం 8:15

రంగు వేయకండి, రెండేళ్లకు పోతుంది. గ్రానైటు ముక్క పెట్టించండి. బడి గోడ మీద అయితే దాని ఖర్చు నేను ఇస్తాను. నా పేరు వేయకండి.

సింగ్‌నగర్ అద్దె ఇల్లు | గురువారం ఉదయం 8:22

మా యజమాని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోతాడు. శనివారం ఆ వేళకు మొదలుపెడతాం. గొట్టం పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువగా ఉన్నాడు.

కాలిబాట | గురువారం ఉదయం 8:31

నేను వస్తున్నాను. అడ్రసు పంపండి.